ఎదురొచ్చిన మనిషితో కదిరి దాకా

కాశీకి పోయి వచ్చినవాళ్ళు కూడా నా అంత మాట్లాడి ఉండరు. నేను జిల్లా దాటింది లేదు. పడమటి కొసన గుమ్మఘట్ట దగ్గర మా ఊరు. అక్కడి నుంచి బయలుదేరి రాయదుర్గం, కళ్యాణదుర్గం, అనంతపురం, కదిరి మీదుగా నల్లమాడ దారిలో ఒక ధర్మాసుపత్రి దాకా వెళ్ళి, కొన్నాళ్ళు ఉండి వచ్చాను. అంతే. అయినా వచ్చినప్పటి నుంచి ఊళ్ళో ఆడవాళ్ళు మా అరుగు వదలడం లేదు. వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పాలి, చెప్పినంతసేపూ టీ పోయాలి. చక్కెర కంటే కాగితం చవక కాబట్టి రాస్తున్నాను. చదవడం వచ్చినవాళ్ళు చదువుకోండి, రానివాళ్ళు చదివించుకోండి. టీ ఎవరింట్లో వాళ్ళు తాగండి.

నేను మూడో తరగతి దాకా చదివాను. నాలుగో తరగతి పుస్తకాలు కొనమంటే మా నాయన, ఉన్న చదువు అయిపోయినాక చూద్దాం అన్నాడు. అది ఇంకా అయిపోలేదు. ఇదిగో, ఇప్పుడు దాన్నే ఖర్చుపెడుతున్నాను.

బయలుదేరి ఆగిపోవడం

నాతో వచ్చింది తిప్పమ్మ. మా గొర్రెలు తోలే మనిషి. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. తల్లీతండ్రీ లేరు, అన్న ఉన్నాడు కానీ ఉన్నట్టు కాదు. చిన్నప్పుడు ఆమె ఎడమ దవడలో చింతగింజంత గడ్డ లేచింది. పెళ్ళీడుకు నిమ్మకాయంత అయింది. పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు కానీ గడ్డ మాత్రం ఆగలేదు. ఈ మధ్య కొబ్బరికాయంత అయి, నోటిని ఒక పక్కకు లాగేసి, కంటిని పైకి నెట్టడం మొదలుపెట్టింది. ఆమె ఎప్పుడూ ఏమీ అనలేదు. మేమూ ఎప్పుడూ ఏమీ అడగలేదు.

ఆమె మొగానికి మా ఊళ్ళో రెండు లెక్కలు ఉండేవి. పొద్దున్నే సంతకో పెళ్ళికో బయలుదేరినవాళ్ళకు తిప్పమ్మ ఎదురొస్తే అపశకునం. వెనక్కి తిరిగి, ఇంట్లో కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. చెనక్కాయలు, అదే వేరుశెనగలు, పీకి, కాయ తెంపి, కళ్ళంలో రాశి పోసినప్పుడు మాత్రం అదే మొగం కావాలి. రాశికి దిష్టి తగలకుండా ఆమెను కళ్ళం గట్టు మీద దారి వైపు తిప్పి కూర్చోబెట్టేవాళ్ళు. ఈ ఇంటి కళ్ళం అయిపోతే ఆ ఇంటి కళ్ళం. పొద్దుగూకినాక ఒక చేట కాయలు ఒళ్ళో పోసి పంపేవాళ్ళు. మా ఇంట్లో ఆ చేట నింపేది నేనే. ఒకే మొగం వీధిలో చెడ్డదీ కళ్ళంలో మంచిదీ ఎట్లా అయిందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. నాది మూడో తరగతి కదా.

ఈ మధ్య ఒక జీపులో ధర్మాసుపత్రి అమ్మాయి వచ్చి ఫోటోలు చూపించింది. ఇట్లాంటి గడ్డలున్నవాళ్ళవే, ఆపరేషన్‌కు ముందువి, తర్వాతవి. ఏడాదికి రెండుసార్లు బెంగళూరు నుంచి పెద్ద డాక్టర్లు వస్తారట. ఆపరేషన్‌కూ మందులకూ దుడ్లు అక్కర్లేదట. తోడు వచ్చినవాళ్ళకు బస్సు చార్జీ, రెండు పూటలా భోజనం కూడా ఇస్తారట. తిప్పమ్మ అన్న, కలుపు పని ఉందన్నాడు. నేను వెళ్తానన్నాను. పుణ్యం కోసమని ఊరంతా అనుకుంది, నేను కాదనలేదు. నిజానికి ఆ అమ్మాయి చెప్పినదాంట్లో నాకు గట్టిగా వినపడింది చివరి మాటే.

ప్రయాణం రోజు పొద్దున రొట్టెల మూట చంకన పెట్టుకుని గడప దాటానో లేదో, వీధి చివర నుంచి తిప్పమ్మ ఎదురొచ్చింది. నా కాళ్ళు వాటంతటవే వెనక్కి తిరిగాయి. లోపలికి వెళ్ళి కూర్చున్నాను. నీళ్ళు తాగాను. మళ్ళీ లేచి బయటికి వచ్చేసరికి బస్సు దుమ్ము కనిపించింది కానీ బస్సు కనిపించలేదు. ఆసుపత్రికి తీసుకుపోతున్న మనిషే ఎదురొచ్చిందని ఆసుపత్రి బస్సు పోగొట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. తిప్పమ్మ వచ్చి అరుగు పక్కన కూర్చుంది. మధ్యాహ్నం బస్సుకు మాత్రం ఆమెను నా వెనకే నడవమన్నాను. వెనక నుంచి వచ్చేది శకునం కాదని అప్పటికప్పుడు తీర్మానం చేసుకున్నాను.

రాయదుర్గం ఉగ్గాని

బయట తిండి కొనకూడదని రాగిపిండి, ఊరిబిండి పచ్చడి, పదునుగా కాల్చిన జొన్నరొట్టెలు కట్టుకున్నాను. రాయదుర్గం బస్టాండులో దిగగానే ఉగ్గాని వాసన కొట్టింది. నానబెట్టిన బొరుగులు, పసుపు, పుట్నాలపొడి, పక్కన మిరపకాయ బజ్జీ. ప్లేటు అయిదు రూపాయలు. మా ఊళ్ళో అయిదు రూపాయల బొరుగులు తెస్తే ఇల్లంతా రెండు రోజులు తింటుంది. ఆ మాట అంగడి వాడికి చెప్పాను. అయితే ఇంటికే పో అవ్వా అన్నాడు.

తిప్పమ్మకు రొట్టె నమలడం కష్టం, ఉగ్గాని మెత్తన అని నాకు నేను చెప్పుకుని ఒక్క ప్లేటు కొన్నాను. అందరికీ స్టీలు ప్లేటులో ఇస్తున్నవాడు ఆమెకు మాత్రం విస్తరాకు ముక్కలో పెట్టాడు. నేను గొడవ పెట్టుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు, ముసలామె న్యాయం మాట్లాడుతోందని చూశారు. నా కోపం అందుకు కాదు. ఆకులో పెడితే ఉగ్గాని తక్కువ పడుతుంది. వాడు సణుగుతూ ఇంకో గరిటెడు వేశాడు, ఆకు మాత్రం మార్చలేదు. తిప్పమ్మ గోడ వైపు తిరిగి, కొంగు కింద పెట్టుకుని, మంచి పక్కతో మెల్లగా తింది. నాకు ఆకలి లేదన్నాను. తర్వాత ఆమె ఆకులో సగం నేనే తిన్నాను. రొట్టెలు మూటలోనే ఉన్నాయి.

కళ్యాణదుర్గం బస్సు

బస్సులో ఒక సీటు మీద కందిపప్పు మూట కూర్చుని ఉంది. పక్కన దాని యజమాని. తెల్ల చొక్కా, చెవి కింద మెడ మీదికి పాకిన పాత కుట్ల గీత.

సీట్లు మనుషులకా మూటలకా అని అడిగాను. మూటకూ టికెట్టు తీసుకున్నానన్నాడు. మూటకు కాళ్ళున్నాయా నొప్పి పుట్టడానికి అన్నాను. ఆయన నవ్వి మూటను కిందికి దించి, దాని మీద తానే కూర్చుని, సీటు మాకు ఇచ్చాడు. పేరు రంగయ్య శెట్టి. రాయదుర్గంలో కిరాణా అంగడి. మూట ఎక్కడికని అడిగితే మేము పోతున్న ఆసుపత్రికే అన్నాడు. పదేళ్ళ కిందట తన చెవి కింది గడ్డ అక్కడే తీశారట. ఆ డాక్టర్లు వచ్చినప్పుడల్లా వంటింటికి ఒక మూట పప్పు మోసుకుపోతాడట.

"ఉత్తగా ఇస్తావా?" అన్నాను.

"ఉత్తగా బాగయినా గదవ్వా."

టిక్కెట్టు చిల్లర కోసం నేను కండక్టరుతో పెట్టుకున్న తగాదా అంతా విని, నువ్వు మా అంగట్లో గల్లాపెట్టె కాడ కూసోవాల్సినదానివి అవ్వా, నా కంటే నీ చెయ్యే గట్టి అన్నాడు. పొగిడాడనే అనుకున్నాను. ఇంటికి వచ్చి మనవరాలికి చెబితే అది పొగడ్త కాదంది.

తర్వాత ఆయన తిప్పమ్మ వైపు తిరిగాడు. అందరూ చూసినట్టు దొంగచూపు కాదు, ఎదురుగా చూసి అడిగాడు. "నొస్తాదా అమ్మా?"

"నొయ్యదన్నా," అంది తిప్పమ్మ. "బరువు."

ఆమె ఇన్నేళ్ళుగా మా దొడ్లో తిరుగుతోంది. నొప్పి కాదు, బరువని నాకు కళ్యాణదుర్గం బస్సులో తెలిసింది.

అనంతపురంలో నీళ్ళు

అనంతపురం బస్టాండులో నీళ్ళు ప్లాస్టిక్ సంచుల్లో పోసి అమ్ముతున్నారు. ఒక్కోటి ఒక రూపాయి. మా వైపు బోర్లు ఎండిపోయి ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టి కొట్టుకునేవాళ్ళం కూడా నీళ్ళకు రూపాయి ఎప్పుడూ ఇవ్వలేదు. నేను పంతానికి పోయి కొళాయి నీళ్ళు తాగాను. శెట్టి రూపాయి పెట్టి తాగాడు. కదిరి బస్సు రెండుసార్లు ఆగాల్సి వచ్చింది నా కోసమే. ఇంతకంటే రాయను.

బస్టాండులో జనం చూపులు చూశాక మా ఊరి జనం నయమనిపించింది. కొందరు వెనక్కి వెనక్కి తిరిగి చూశారు. కొందరు దణ్ణం పెట్టారు, అది ఇంకా చిరాకు. ఒక చంటిబిడ్డ ఆగకుండా ఏడుస్తోంది. వాళ్ళమ్మ మా వైపు వేలు చూపించి, "ఏడ్చినావంటే ఆ అవ్వకిచ్చేస్తా సూడు" అంది. బిడ్డ టక్కున నోరు మూసింది.

నేను అటూ ఇటూ చూశాను. అవ్వ అనదగినది అక్కడ నేనొక్కదాన్నే. పక్కన కొబ్బరికాయంత గడ్డతో తిప్పమ్మ ఉండగా ఆ తల్లి వేలు నా మీదికి వచ్చింది. కొంగు కింద తిప్పమ్మ భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది.

ధర్మాసుపత్రి

కదిరి వైపు నేల మా నేల కంటే ఎర్రన. గుట్టలు దగ్గర దగ్గరగా ఉంటాయి. మల్లెపూలు మాత్రం చాలా ఎక్కువ. మా వైపు ఆడవాళ్ళు పండగకు మూరెడు కొంటారు. ఇక్కడ రోగులకు కూడా పూలు. మేము చేరిన మరునాడు పొద్దున్నే వార్డు సిస్టరు తిప్పమ్మ తల దువ్వి మూరెడు మల్లెపూలు పెట్టింది. నాకూ ఇవ్వబోయింది. ఈ వయసులో నాకెందుకన్నాను. ఉచితమని తెలిశాక మనసు పీకింది కానీ మళ్ళీ అడగలేకపోయాను.

ఆ ఆసుపత్రి పేరు రాయను. గొప్పలకు నడపడం లేదని వాళ్ళే చెప్పారు. ఒకే వార్డు, దాని నిండా గడ్డలవాళ్ళే. ముక్కు మీద వంకాయంతది ఉన్న గొర్రెలాయన, చెంప మొత్తం సంచిలా వేలాడుతున్న ఒక చీరల నేతామె, ఇంకా చాలామంది. ఒక్కరూ మొగం కప్పుకోలేదు. తిప్పమ్మ కాసేపు చూసి, దారి పొడుగునా పట్టుకొచ్చిన కొంగును వదిలేసింది. అక్కడ అందరూ తలలు తిప్పి చూసింది నన్నే. ఏమీ లేని మొగం ఆ మంచాల మధ్య నాదొక్కటే.

ఆపరేషన్‌కు ఒక సీసా రక్తం కావాలన్నారు. ఇస్తానని ఊళ్ళోనే చాటుకుని వచ్చాను కాబట్టి చెయ్యి చాపాను. వేలి చివర ఒక చుక్క తీసి చూసి, సిస్టరు నా కంటి రెప్ప కిందికి లాగి చూసింది. "నీ వయసుకే తీసుకోకూడదవ్వా. పైగా నీకే రెండు సీసాలు ఎక్కియ్యాల. ఏం తింటాండావు ఇంట్లో?" అంది. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తింటాననీ, మిగలకుండా వండుతాననీ చెప్పాను. ఇన్నేళ్ళ నా పొదుపు ఒంట్లో రక్తం దాకా వెళ్ళిందన్నమాట. బలం మాత్రలు ఇచ్చి, నన్నూ రోగుల వరుసలో నిలబెట్టారు. రక్తం శెట్టి ఇచ్చాడు. ఆయన ఇస్తున్నంతసేపూ ఎక్కువ తీస్తారేమోనని నేనే సీసా వైపు చూస్తూ కూర్చున్నాను.

సంగటి ముద్ద

అన్నం బాగానే పెడతారు. కానీ సంగటి ఉండదు. సంగటి లేని భోజనం మాకు భోజనం కాదు, పలహారం. తోడు వచ్చినవాళ్ళు వండుకోవడానికి వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. నా రాగిపిండి అక్కడ పనికొచ్చింది.

ఆపరేషన్ ముందు రోజు సిస్టరు గట్టిగా చెప్పింది, పొద్దుగూకినాక ఏమీ పెట్టకూడదు, నీళ్ళు కూడా వద్దు అని. నేను తలూపాను. తెల్లారాక చూస్తే తిప్పమ్మ మొగం పీక్కుపోయి ఉంది. మా ఇంట్లో దుక్కికి పోయే ఎద్దుకు కూడా మేత వేయకుండా కాడి కట్టం. ఏ పెద్ద పనికి గడప దాటేవాళ్ళకైనా ఒక ముద్ద నోట్లో పెట్టి పంపడం మా అత్త నేర్పిన పద్ధతి. ఖాళీ కడుపు మనిషి కత్తి కింద పడుకుంటుందా? డాక్టర్లు ఏం చెప్పినా రోజూ ముద్ద పెట్టేది మనమే కదా అనుకుని, ఒక చిన్న ముద్ద, కాస్త మజ్జిగ తిప్పమ్మకు మింగించాను. నమలక్కర్లేదు, సంగటి జారిపోతుంది.

లోపలికి తీసుకుపోయేముందు సిస్టరు ఏమైనా తిన్నావా అని అడిగింది. తిప్పమ్మకు అబద్ధం రాదు. అవ్వ ముద్ద పెట్టింది అంది.

పెద్ద డాక్టరు బయటికి వచ్చాడు. సగం కన్నడం, సగం తెలుగు. మత్తులో కడుపులోది పైకొచ్చి ఊపిరికి అడ్డం పడితే మనిషి పోతుందని చెప్పాడు. అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, బాగుండేది. మరునాడు ఖాళీ లేదట. ఆ మరునాడు చేస్తానన్నాడు. అదే వాళ్ళకు చివరి రోజు. అది తప్పితే మళ్ళీ ఆరు నెలలకు గానీ రారు. ఆరు నెలల్లో గడ్డ కన్నును తినేస్తుందట. ఆ పూట నా వంట షెడ్డుకు సిస్టరు తాళం వేయించింది. ఒక్క ముద్దతో ఆసుపత్రి రూలు మార్పించినదాన్ని.

ఉతుకు బండ

మధ్యలో వచ్చిన ఆ ఖాళీ రోజే కొంప ముంచింది. ఖాళీగా కూర్చుంటే తిప్పమ్మకు ఆలోచన వచ్చింది. నేను వెనక బండ మీద బట్టలు ఉతుకుతుంటే వచ్చి నిలబడింది.

"అవ్వా, ఊరికి పోదాం పా."

భయపడిందనుకుని తిట్టాను. రక్తం కూడా ఎక్కించడానికి పెట్టారు, మంచం ఇచ్చారు, ఇంత ఉచితంగా దొరికినదాన్ని వదులుకుంటారా అన్నాను.

"బయం కాదవ్వా. గడ్డ పోతే నన్ను కళ్ళం కాడికి ఎవురు పిలుస్తారు?"

మంచి మొగం ఉన్నదానికి నూరు పనులు దొరుకుతాయన్నాను.

"ఏం పనులు? ఇన్నేండ్లు గట్టు మీద కూసున్నా. ఒక్కనాడన్నా చేట పట్టనిచ్చినారా? కింద పడిన కాయ ఏరబోతే, రాశి ముట్టద్దు అని నువ్వే అన్న్యావు. గడ్డ పోతే ఆ గట్టు గూడా పోతాది. నేను యాడ కూసోవాల?"

చేతిలో చీర మళ్ళీ మళ్ళీ బండకేసి కొట్టాను. అది ముందే శుభ్రంగా ఉంది.

"ఏం కావాల నీకు? చెప్పు," అన్నాను.

"మొదటి చేట."

తెలియనివాళ్ళకు చెబుతాను. మా ఇంట్లో రాశి ఆరినాక, గోతంలోకి మొదటి చేట కాయలు పోసే చెయ్యి మంచి చెయ్యి కావాలి. ఆ చెయ్యి గుణం మీదే ఏడాది గింజ నిలుస్తుందని నమ్మకం. మా అత్త పోసేది, తర్వాత నేను, ఇప్పుడు నా పెద్దకోడలు. బయటివాళ్ళ చేతికి ఆ చేట ఎన్నడూ ఇవ్వలేదు.

రెండో చేట పోద్దువులే అన్నాను. మొదటిదే అంది. తూర్పారబట్టే పని ఇస్తా, కూలి ఇస్తా అన్నాను. అవీ ఇయ్యి, మొదటి చేట కూడా ఇయ్యి అంది. నా కోడలు ఊరుకోదన్నాను. అయితే సంచి సర్దుకుంటా అని తిరిగింది. కూరగాయల వాళ్ళను నేను ఇట్లాగే చేస్తాను, బేరం తెగకపోతే బుట్ట ఎత్తుకుని నాలుగు అడుగులు వేస్తాను. వాళ్ళు వెనక్కి పిలుస్తారు. నా విద్యను మా గొర్రెలు కాసే మనిషి నా దగ్గరే నేర్చుకుంది.

ఆమె నాలుగు అడుగులు వేసింది. వార్డు తలుపు దాకా వెళ్ళింది. నిజంగానే వెళ్ళిపోయేలా ఉంది.

"తిప్పమ్మా," అని పిలిచాను. "పోద్దువు రా. మొదటిదే."

"శెట్టన్న ముందర చెప్పు."

శెట్టి పక్క బండ మీద పంచె జాడిస్తూ అంతా వింటూనే ఉన్నాడు. ఆయన ముందర కూడా చెప్పాను. నేను సాక్షి అన్నాడు. ఆ రోజే పోవాల్సిన మనిషి, మరునాడు ఆపరేషన్ అయ్యేదాకా ఆగాడు.

లోపలా బయటా

పొద్దున తీసుకుపోయారు, మధ్యాహ్నం దాటినా తలుపు తెరుచుకోలేదు. నడుము ఎముకలో ముక్క తీసి దవడలో పెడతామని ముందే చెప్పారు. రవికె చిరిగితే అంచు లోపలి గుడ్డ తీసి అతుకు వేసినట్టేనని నాకు నేను చెప్పుకున్నాను. కానీ నేను వేసిన అతుకులు ఎన్ని ఊడిపోయాయో కూడా అప్పుడే గుర్తొచ్చింది. భోజనం గంట కొట్టారు. నేను కదల్లేదు. ఇంత దూరం దేని కోసం వచ్చానో దాన్నే వదిలేసిన పూట అదొక్కటే. శెట్టి పళ్ళెం తెచ్చి పక్కన పెట్టి, ఉచితమవ్వా అని గుర్తు చేశాడు. అయినా పళ్ళెం ముట్టలేదు.

దీపాలు వెలిగించే వేళకు డాక్టరు వచ్చి, బాగుందమ్మా అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. ఎవరూ చూడకుండా కొళాయి దగ్గరికి వెళ్ళాను. నీళ్ళు వృథా అవుతాయని మొగం కడుక్కోకుండానే తిరిగి వచ్చాను.

తర్వాత చాలా రోజులు ముక్కులో గొట్టంతో పాలూ గంజీ పోశారు. నాకు పోయనివ్వలేదు, నా చేతి మీద నమ్మకం పోయింది వాళ్ళకు. వార్డులో ఎక్కడా అద్దం లేదు. పొదుపనుకుని మెచ్చుకున్నాను. కావాలనే పెట్టలేదని సిస్టరు చెప్పింది, వాపు దిగేదాకా చూసుకోకూడదట. వాపు దిగినాక తిప్పమ్మ అద్దం కావాలన్నట్టు నా వైపు చూసింది. నా టిఫిన్ క్యారియర్ మూత చింతపండుతో తోమి ఇచ్చాను. ఆమె దాన్ని దగ్గరగా పట్టుకుంది, దూరంగా పట్టుకుంది. కుట్లు పచ్చిగా ఉన్నాయి, ఒక పక్క పెదవి ఇంకా కదలదు. చేత్తో దవడ కింద తడుముకుంది. ఏమైందే అన్నాను.

"తేలిక్కుండాది," అంది.

తిరుగు దారి

అనంతపురం బస్టాండులో ఎవరూ తల తిప్పి చూడలేదు. చూడకపోవడం కూడా ఒక మర్యాదని అక్కడ తెలిసింది. నేను రూపాయి పెట్టి నీళ్ళ సంచి కొన్నాను. దాన్ని ఎట్లా తెరవాలో తెలియక పళ్ళతో కొరికితే సగం రవికె తాగింది.

రాయదుర్గంలో అదే అంగడి. వాడు తిప్పమ్మను గుర్తుపట్టలేదు. స్టీలు ప్లేటులో ఉగ్గాని పెట్టి, బజ్జీ వేయమంటావా అక్కా అని అడిగాడు. ఆమె నిలబడి, వీధి వైపు మొగం పెట్టి, నెమ్మదిగా తింది. ఈసారి నేను కూడా ప్లేటు కొన్నాను. మూటలో మిగిలిన రొట్టెలు రాళ్ళయిపోయి ఉన్నాయి. జిల్లా అంతా తిప్పి వాటిని ఇంటికే తెచ్చాను.

కళ్ళం

ఈ ఏడు వాన అటూ ఇటూగా పడింది. రాశి చిన్నది. దిష్టి తగలాలన్నా వెతుక్కోవాలి. అయినా కళ్ళంలో జనం చేరారు, మొదటి చేట సంగతి ఊరంతా తెలిసిపోయింది కదా. పెద్దకోడలు మూడు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. నేనే చేట తీసి తిప్పమ్మ చేతికి ఇచ్చాను. ఆమె కొంగు నడుముకు దోపుకుని, వంగి, రాశిలోకి రెండు చేతులూ పెట్టింది. ముంచిన చేట వెంటనే ఎత్తలేదు. కాయల్లో చేతులు అట్లాగే ఉంచుకుంది. తర్వాత గోతంలో పోసింది. ఒక్క కాయ బయట పడలేదు. రెండో చేటకు కోడలు గోతం మూతి కాస్త వెడల్పుగా పట్టుకుంది.

అప్పుడు ఒక చిక్కు వచ్చింది. మరి గట్టు మీద ఎవరు కూర్చోవాలి? గుమ్మడికాయ తెద్దామని ఒకరు, కుండకు సున్నం బొట్లు పెడదామని ఇంకొకరు అన్నారు. రెండూ ఖర్చే అన్నాను.

తిప్పమ్మ చేట పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వు కూసో అవ్వా. అనంతపురంలో బిడ్డే జడుసుకుండ్లా?"

కళ్ళమంతా నవ్వింది. మూడు రోజులుగా మాట్లాడని కోడలు కూడా నవ్వింది. గుమ్మడికాయ ఖర్చు మిగులుతుంది కదా. వెళ్ళి కూర్చున్నాను, దారి వైపు మొగం పెట్టి.

ఆ గట్టు మీద రాళ్ళు గుచ్చుకుంటాయి. ఎండ సూటిగా మొగం మీదే పడుతుంది. దారిన పోయేవాళ్ళు నన్ను చూసి, రాశిని చూసి, మళ్ళీ నన్ను చూసి పోయారు. నీళ్ళు ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. పొద్దుగూకినాక తిప్పమ్మ వచ్చి నా ఒళ్ళో ఒక చేట కాయలు పోసింది. చేత్తో చూసుకున్నాను. చేట నిండా లేదు.

"తక్కువుండాదే," అన్నాను.

"నువ్వు ఎప్పుడూ పోసేది అంతే గదవ్వా," అంది తిప్పమ్మ, ఖాళీ చేట దులుపుతూ.